పదిళ్ళలో దాచిన విత్తనం



కిందటి వానాకాలంలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. బట్టలు నానబెట్టిన బకెట్టు మీదికి వంగాను. నడుమున దోపుకున్న ఫోను జారి బుడుంగున మునిగింది. తీసి తుడిచాను, బియ్యం డబ్బాలో పెట్టాను, ఎండ వచ్చినప్పుడల్లా ఎండలో పెట్టాను. అది మళ్ళీ కన్ను తెరవలేదు. ఫోను పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు. కానీ అందులో మా అమ్మ ఆఖరి రెండేళ్ళ ఫోటోలున్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఫోటోలు మరొకచోట ఉన్నట్టు నాకు తెలియదు. ఆ పూట పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయికి వాళ్ళ నాన్న ఫోను నుంచి చెప్పుకుని ఏడ్చాను. అది తాపీగా, "అమ్మా, ఫోటోలు ఎక్కడికీ పోలేదు, క్లౌడ్‌లో ఉన్నాయి" అంది. "క్లౌడ్ అంటే మబ్బే కదే బిడ్డా! మబ్బుల్లో ఫోటోలేమిటి?" అన్నాను. పండక్కి వచ్చి కొత్త ఫోనులో ఏవో నొక్కింది. ఒక్కొక్కటిగా అమ్మ తిరిగి వచ్చింది. వాకిట్లో కూర్చుని చింతపండు ఒలుస్తూ, మనవరాలికి జడ వేస్తూ, ఎవరినో చూసి నవ్వుతూ.

ఇంతకీ నా మనసులో మిగిలిపోయిన బాధ మరొకటి ఉంది. అమ్మ బతుకమ్మ పాటలు చాలా బాగా పాడేది. ఆ పాటలు ఒక క్యాసెట్టులో పట్టి బీరువాలో భద్రంగా దాచాను. ఒక్కటే క్యాసెట్టు. చెమ్మ తగిలి బూజు పట్టింది, టేపు అంటుకుపోయి తెగింది. ఫోటోలు వచ్చాయి గానీ గొంతు రాలేదు. అంత భద్రంగా దాచింది పోయి, నిర్లక్ష్యంగా నీళ్ళలో పారేసుకున్నది ఎలా దక్కిందని మా అమ్మాయిని అడిగాను. అది తన పాఠాల్లోంచి కొంత చెప్పింది, కొంత నేను అడిగీ చదివీ తెలుసుకున్నాను. పదో తరగతితో చదువు ఆపిన నాకు అర్థమైందంటే మీకందరికీ అర్థమవుతుంది. ఇందులో ఒక చరిత్ర ఉంది. దాని ముఖ్యమైన మలుపు ఒకటి మన సికింద్రాబాదులోనే జరిగింది.

ముందు మా ఊరి మాట చెప్పనివ్వండి. మా జహీరాబాదు హైదరాబాదుకు పడమరగా, బొంబాయి రోడ్డు మీద, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. పక్కనే పస్తాపూర్. 1983 నుంచి అక్కడ పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పేరు మీలో కొందరు వినే ఉంటారు. సాయజొన్న, కొర్ర, సామ, అవిసె వంటి పాతపంటల విత్తనాలను ఆ ఆడవాళ్ళు కాపాడుతూ వచ్చారు. విత్తనాన్ని బూడిదలోనో వేపాకులోనో కలిపి, బుట్టలో పోసి, మట్టితో మూతి మెత్తి దాచేవారు. కావలసినవాళ్ళకు కొలిచి ఇస్తారు, పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వడం ఆనవాయితీ. ఇందులో కిటుకు చూశారా? ఒక్క ఇంట్లోనే ఉన్న విత్తనం పురుగు పడితే పోతుంది, ఆ ఏడు వాన రాకపోతే పోతుంది. పదిళ్ళలో ఉన్న విత్తనం తొమ్మిదిళ్ళలో పోయినా పదో ఇంట్లో మిగులుతుంది. నా క్యాసెట్టు ఒక్కింటి విత్తనం. అమ్మ ఫోటోలు పదిళ్ళ విత్తనం.

అయితే విత్తనానికీ లెక్కకూ ఒక తేడా ఉంది. పదిళ్ళలో ఉన్న కొర్రలు ఒకదానితో ఒకటి మాట కలవనక్కరలేదు. లెక్క అలా కాదు. పదిచోట్ల ఉన్న పద్దు పుస్తకాలు పది మాటలు చెబితే కొంప మునుగుతుంది. ఇది మనకు బాగా తెలిసేది రైలు టిక్కెట్టు దగ్గర.

నేను రెండో తరగతి చదివే రోజుల్లో అమ్మ మా పిన్ని పురిటికి విజయవాడ వెళ్ళింది. అప్పట్లో రిజర్వేషను అంటే పెద్ద పుస్తకం. ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో కాగితం. గుమాస్తా చేత్తో పేరు రాసేవారు. ఆ రైలు పుస్తకం ఏ కిటికీలో ఉంటే ఆ కిటికీ ముందే వరసలో నిలబడాలి. రైలు బయలుదేరే ఊళ్ళో పుస్తకం ఉండేది. దారిలోని ఊళ్ళకు ఇన్నేసి బెర్తులని వాటా ఉండేది. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే ఇక్కడినుంచి టెలిగ్రాము వెళ్ళాలి, అక్కడినుంచి జవాబు రావాలి. చంటిపిల్లతోనో, ముసలివాళ్ళతోనో బయలుదేరిన ఆడదానికి తిరిగి రావడం ఎలాగన్న దిగులు వెళ్ళేటప్పుడే మొదలయ్యేది.

1985 చివర్లో ఢిల్లీలో ఈ పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. సి.ఎం.సి. అనే అప్పటి ప్రభుత్వరంగ సంస్థ తయారుచేసిన ఆ ఏర్పాటు పేరు ఇంప్రెస్. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసులకు వచ్చింది. 1989లో సికింద్రాబాదుకు వచ్చింది. ఇక ఏ కిటికీ ముందు నిలబడ్డా ఏ రైలుకైనా టిక్కెట్టు దొరికేది. కానీ ఒక లోటు మిగిలింది. ఐదు ఊళ్ళలో ఐదు కంప్యూటర్లున్నా ఒకదాని మాట ఒకదానికి తెలియదు. సికింద్రాబాదు కంప్యూటరుకు తన రైళ్ళే తెలుసు. ఒకే ఇంట్లో ఐదుగురు తోటికోడళ్ళు ఎవరి వంట వారు చేసుకున్నట్టుంది వ్యవహారం.

దాన్ని కలిపే పని రైల్వే వారి సొంత కంప్యూటరు సంస్థ, 1986లో ఏర్పడిన క్రిస్, చేపట్టింది. వాళ్ళు తయారుచేసిన కొత్త ఏర్పాటుకు కాన్సర్ట్ అని పేరు. ఇంగ్లీషులో సంగీత కచేరీని కూడా అలాగే అంటారు. అది 1994 సెప్టెంబరులో మొదట మన సికింద్రాబాదులో మొదలైంది. తర్వాత ఒక్కొక్క ఊరే చేరి, 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు ఐదూ ఒక్క శ్రుతిలోకి వచ్చాయి. సికింద్రాబాదు కిటికీలో నిలబడి ఢిల్లీ నుంచి బయలుదేరే రైలుకు బెర్తు తీసుకోవడం సాధ్యమైంది. 2002 ఆగస్టులో ఇంటర్నెట్టు టిక్కెట్లు మొదలైనప్పుడు వాటికి ఆధారం ఈ పునాదే.

ఇలా అనేక కంప్యూటర్లు వేర్వేరు చోట్ల ఉండి, తీగల ద్వారా మాట్లాడుకుంటూ ఒకే పని చెయ్యడాన్ని డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అంటారు. రైల్వేవారు దీనికి ఎంచుకున్న దారి చాలా తెలివైనది. ఒక్కో రైలు పుస్తకం ఒక్క ఊళ్ళోనే ఉంటుంది. మీరు ఎక్కడ అడిగినా ఆ ప్రశ్న తీగ మీద ఆ ఊరికే వెళ్ళి జవాబు తెస్తుంది. పుస్తకం ఒక్కటే గనుక ఒక బెర్తు ఇద్దరికి రాసే ప్రమాదం లేదు. కానీ ఆ ఒక్క పుస్తకానికి ఏమైనా అయితే? అందుకని నకళ్ళు కావాలి. నకళ్ళు వచ్చాయంటే అవి ఒకే మాట మీద ఉండాలి. లోకంలోని పెద్ద పెద్ద కంప్యూటరు శాస్త్రవేత్తలు యాభై ఏళ్ళుగా తలపట్టుకున్నది ఈ ఒక్క చిక్కు దగ్గరే.

చిక్కేమిటని అడుగుతారేమో. వేర్వేరు ఊళ్ళలోని గడియారాలు సరిగ్గా ఒకే సమయం చూపవు. ఇద్దరు ఒకే బెర్తు అడిగితే ఎవరు ముందు అడిగారో ఎలా తేల్చడం? అమెరికా శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో దీనికి దారి చూపారు. గడియారాన్ని వదిలిపెట్టండి, ఉత్తరాలకు వరస అంకెలు వెయ్యండి, ఉత్తరం అందుకున్నవారు దానిమీది అంకెకంటే పెద్ద అంకెతోనే తర్వాతి పని మొదలుపెట్టండి అన్నారు. జవాబు ఎప్పుడూ ప్రశ్న తర్వాతే వస్తుంది కదా! ఆ చిన్న నిజం మీద పెద్ద మేడ కట్టారు.

రెండో మెట్టులో మన దేశం మనిషి ఉన్నారు. కేరళలోని కొట్టాయంలో పుట్టి, 1965లో మద్రాసు ఐ.ఐ.టి.లో పట్టం పుచ్చుకుని అమెరికా వెళ్ళిన మణి చాందీ గారు. లాంపోర్ట్ చూడవచ్చినప్పుడు రాత్రి భోజనాల దగ్గర ఆయన ఒక ప్రశ్న వేశారట. ద్రాక్షసారా కాస్త ఎక్కువై ఆ రాత్రి ఇద్దరికీ బుర్ర పనిచెయ్యలేదట. మర్నాడు స్నానం చేస్తూంటే లాంపోర్టుకు జవాబు తట్టింది. పరుగున చాందీ గారి గదికి వెళితే ఆయన అదే జవాబుతో ఎదురుచూస్తున్నారు! 1985లో ఇద్దరూ కలిసి దాన్ని ప్రచురించారు.

ఆ ప్రశ్న మన ఇంటి ప్రశ్నే. నలుగురు తోటికోడళ్ళు నాలుగు ఊళ్ళలో ఉన్నారు. ఒకరికొకరు డబ్బు పంపుకుంటూ ఉంటారు. మొత్తం ఇంటి డబ్బెంతో తెలియాలి. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం లెక్కపెడితే దారిలో ఉన్న డబ్బు రెండుసార్లు లెక్కకు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. అందరినీ ఖర్చులు ఆపి కూర్చోమనడానికి వీల్లేదు. చాందీ, లాంపోర్టుల ఉపాయం ఇదీ: పెద్దకోడలు తన డబ్బు లెక్క రాసుకుని వెంటనే మిగతావారికి "లెక్క మొదలైంది" అని చీటీ పంపుతుంది. చీటీ మొదటిసారి అందగానే ఒక్కొక్కరూ తమ లెక్క రాసుకుని, తామూ అందరికీ చీటీలు పంపుతారు. తన లెక్క రాసుకున్నాక, ఇంకా చీటీ రానివారి దగ్గర్నుంచి వచ్చిన డబ్బును "దారిలో ఉన్నది" అని వేరే రాసుకుంటారు. పంపినవి పంపిన వరసలోనే చేరాలన్నది ఒక్కటే షరతు. అన్నీ కలిపితే పైసా తేడా రాదు, ఎవరి పనీ ఆగదు. పని నడుస్తూండగానే మొత్తానికి ఫోటో తీసినట్టన్నమాట. రేపు ఏదైనా కూలితే ఆ ఫోటో దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

మూడో మెట్టు ఎక్కించిన ఆవిడ పేరు చెబితే మీకు సంతోషం కలుగుతుంది. బార్బరా లిస్కోవ్. 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నారు. అమెరికాలో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళల్లో ఆవిడ ఒకరు. ఆవిడ గురువు జాన్ మెకార్తీ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి గారికీ ఆయనే గురువు. రాజ్ రెడ్డి గారికి 1994లోను, లిస్కోవ్ గారికి 2008లోను ఆ శాస్త్రంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ బహుమతి వచ్చింది.

నకళ్ళు ఒకే మాట మీద ఉండే పద్ధతి ఒకటి లిస్కోవ్ గారు తన శిష్యుడు బ్రయన్ ఓకితో కలిసి 1988లో చూపారు. మన మహిళా సంఘం ఉందనుకోండి. ఐదుగురు, ఐదుగురి దగ్గరా ఒక్కో తీర్మానాల పుస్తకం. పెద్ద చెప్పిన వరసలో రాసుకోవాలి. కనీసం ముగ్గురి పుస్తకాల్లో పడితేనే అది తీర్మానం. పెద్ద ఊళ్ళో లేదు, మరొకరికి జ్వరం. మిగిలిన ముగ్గురు కూర్చుని పుస్తకాలు పోల్చుకుని కొత్త పెద్దను ఎన్నుకుంటారు. ఏ తీర్మానమూ తప్పిపోదు. ఎందుకంటారా? ఐదుగురిలో ఏ ముగ్గురు కూడినా, అంతకుముందు రాసుకున్న ముగ్గురిలో ఒక్కరైనా అందులో ఉండి తీరతారు. కావాలంటే వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి!

ఇప్పుడు మబ్బు సంగతికి వద్దాం. కరెంటులాగా, కంప్యూటరు పని కూడా ఒకనాడు అందరూ అవసరమైనంత వాడుకుని డబ్బు కట్టే సదుపాయం కావచ్చునని 1961లోనే అన్నవారు ఆ మెకార్తీ గారే. అది నలభైయైదేళ్ళకు నిజమైంది. 2006లో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లలో చోటు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ గారు మైక్రోసాఫ్ట్‌లో ఈ క్లౌడ్ వ్యాపారాన్ని పెంచి, 2014లో ఆ సంస్థకే అధిపతి అయ్యారు. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో క్లౌడ్ కేంద్రాలు పెడుతున్నట్టు ప్రకటించింది. అదే సంవత్సరం నవంబరులో అమెజాన్ కేంద్రాలు హైదరాబాదు ప్రాంతంలో పనిచెయ్యడం మొదలుపెట్టాయి.

అంటే మబ్బు ఆకాశంలో లేదు, అక్కయ్యలూ! నేల మీద, కిటికీలు కనిపించని పెద్ద పెద్ద భవనాల్లో ఉంది. లోపల వరసలు వరసలుగా కంప్యూటర్లు. వాటికి రాత్రింబగళ్ళు కరెంటు కావాలి, చల్లబరచడానికి ఏర్పాట్లు కావాలి. హైదరాబాదు ప్రాంతంలో అమెజాన్‌కు మూడు వేర్వేరు చోట్ల ఇలాంటివి ఉన్నాయి. ఒకచోట అగ్గి అంటుకున్నా, వరద వచ్చినా రెండోది నిలవాలి. అలాగని మరీ దూరమైతే మాట కలుపుకోవడం ఆలస్యమవుతుంది. అందుకని ఒకదానికొకటి 100 కిలోమీటర్లలోపే ఉంచుతారు. మా ఊరికీ హైదరాబాదుకూ ఉన్నంత దూరం! విత్తనాన్ని పక్కింట్లో కాక పక్క ఊళ్ళో దాచిన తెలివే ఇది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఊళ్ళ మధ్య తీగ తెగితే? 2000లో ఎరిక్ బ్రూవర్ అనే ఆచార్యుడు ఒక మాటన్నారు. తీగ తెగినప్పుడు రెండిట్లో ఒకటే ఎంచుకోగలవు: అందరూ ఒకే మాట మీద ఉండడం, లేదా అడిగినవారికల్లా జవాబు చెప్పడం. రెండూ దక్కవు. 2002లో నాన్సీ లించ్ అనే మరో మహిళా శాస్త్రవేత్త, ఆవిడ శిష్యుడు సేత్ గిల్బర్ట్ దాన్ని లెక్కకట్టి రుజువు చేశారు. రైలు టిక్కెట్టయితే తీగ తెగినప్పుడు నోరు మూసుకోవడమే మేలు. టిక్కెట్టు రాకపోతే విసుక్కుంటాం, ఒకే బెర్తు ఇద్దరికి ఇస్తే కొట్టుకుంటాం. ఫోటోలయితే ఎవరి దగ్గర ఉన్నవి వారు చూపించి, తీగ అతికాక కలుపుకుంటే నష్టం లేదు. ఏ పనికి ఏది ముఖ్యమో మొదట మనిషే చెప్పాలి, యంత్రం చెప్పదు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని ఒప్పుకుంటాను. కొత్త ఫోను వచ్చిన నెలకే చోటు నిండిపోయింది. "ఫోటోలు మబ్బులో ఉన్నాయి కదా, ఇక్కడెందుకు?" అనుకుని ఒక మధ్యాహ్నం కూర్చుని అమ్మ ఫోటోలన్నీ తుడిచేశాను. ఇల్లు సర్దుకున్నంత తృప్తిగా అనిపించింది. రాత్రి మా అమ్మాయి తన దగ్గర తెరిచి చూసి కేక పెట్టింది. అక్కడా లేవు! నకళ్ళన్నీ ఒకే మాట మీద ఉండాలని ఇంతమంది మహానుభావులు కష్టపడ్డారు కదా, అవి నా మాట తు.చ. తప్పకుండా విన్నాయి. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకుపోయాయి. ఒకే బెర్తు ఇద్దరికి రాకుండా కాపాడే ఒద్దికే, నా పొరపాటును కూడా ఊరూరా మోసుకెళ్ళింది. అదృష్టం బాగుండి, తుడిచినవి కొన్నాళ్ళపాటు చెత్తబుట్టలాంటి ఒక మూల ఉంటాయట. అక్కడినుంచి మా అమ్మాయి ఏరి తెచ్చింది. గడువు దాటి ఉంటే అమ్మ రెండోసారి పోయేది.

అప్పుడు బోధపడింది. అగ్గి నుంచి, వరద నుంచి, బకెట్టు నీళ్ళ నుంచి మబ్బు కాపాడుతుంది. మన చేతి నుంచి మనల్ని కాపాడదు. దానికి ఆ మాటల్లో కలవని నకలు ఒకటి కావాలి. మట్టితో మూతి మెత్తిన బుట్టలాగా, ఎవరూ రోజూ తెరవనిది. ఇప్పుడు అమ్మ ఫోటోలు మబ్బులో ఉన్నాయి, ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి మా వదిన ఇంట్లో ఉన్నాయి, ముఖ్యమైనవి పదో పన్నెండో కాగితం మీద అచ్చువేయించి ఆల్బంలో ఉన్నాయి. తాళంమాట, అదే పాస్‌వర్డు, నాకొక్కదానికే తెలిస్తే లాభం లేదని మా అమ్మాయికి కూడా చెప్పి ఉంచాను.

మీరూ ఈ వారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో ఒక్కటంటే ఒక్కటే ఉన్నదేమిటో వెతకండి. అత్తగారి చేతిరాతలో ఉన్న పచ్చళ్ళ పుస్తకమో, నాన్నగారి ఉత్తరమో, పాత క్యాసెట్టులో ఎవరి గొంతో. వానలు పడకముందే దానికి రెండో ఇల్లు చూపండి, వీలైతే మూడోది. మా బతుకమ్మ పాటలకు ఆ పని చెయ్యలేకపోయాను. అమ్మ పాడిన వాటిలో నాకు గుర్తున్నవి మా అమ్మాయికి నేర్పుతున్నాను, అది ఫోనులో పట్టుకుంటోంది. గొంతు నాదే గానీ, వరస అమ్మదే.

సెలవు.